లోకల్ లూప్ ఉమ్మడి వినియోగం

టెలిఫోను ఎక్స్ఛేంజి నుండి చందాదారుని ఇంటి వరకు వచ్చే జత రాగితీగలను లోకల్ లూప్ అని అంటారు. ఒక సంస్థకు చెందిన ఈ తీగలపై ఆ సంస్థ మాటల సేవను కొనసాగిస్తుండగానే, మరొక సంస్థ ఇంటర్నెట్ సేవను అందించే ఏర్పాటుకు లోకల్ లూప్ ఉమ్మడి వినియోగం అని పేరు. ఐరోపాలోను, అమెరికాలోను ఈ ఏర్పాటుకు చట్టబద్ధమైన నిర్వచనం ఏర్పడినది. భారతదేశంలో 2004లో ఇది చర్చకు వచ్చి, నిర్వచనం లేకుండానే ముగిసినది. దాని ఫలితం గోదావరి డెల్టా వంటి ప్రాంతాలలో స్పష్టంగా కనిపిస్తుంది.

సాంకేతిక ఆధారం

మనిషి మాటను చేరవేయుటకు 4 కిలోహెర్ట్జ్ లోపు పౌనఃపున్యాలు సరిపోతాయి. అదే తీగపై సుమారు 25 కిలోహెర్ట్జ్ నుండి 1,100 కిలోహెర్ట్జ్ వరకు గల భాగాన్ని ఏడీఎస్ఎల్ పద్ధతి వాడుకుంటుంది. ఇంటివద్ద ఒకటి, ఎక్స్ఛేంజి వద్ద ఒకటి చొప్పున స్ప్లిట్టర్లను అమర్చితే రెండు సేవలు ఒకదానికొకటి అడ్డు రాకుండా నడుస్తాయి. ఎక్స్ఛేంజి నుండి తీగ పొడవు సుమారు 5 కిలోమీటర్లు దాటితే ఈ పద్ధతి పనిచేయుట కష్టం. తీగ ఒక్కటే అయినా, దానిలో రెండు వేర్వేరు దారులు ఉన్నవన్నమాట. ఒప్పందాలలో వచ్చే చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

నిర్వచనం ఎందుకు అవసరం

ఐరోపా సమాఖ్య 2000 డిసెంబరులో చేసిన 2887/2000 సంఖ్య గల నిబంధన ఉమ్మడి వినియోగాన్ని రెండు షరతులతో నిర్వచించినది. కొత్త సంస్థకు లభించేది మాటలకు వాడని పౌనఃపున్య భాగం మాత్రమే. ఆ తీగపై పాత సంస్థ టెలిఫోను సేవ కొనసాగుతూ ఉండాలి. అమెరికాలో 1996 టెలికమ్యూనికేషన్ల చట్టం ఆధారంగా అక్కడి నియంత్రణ సంస్థ 1999లో ఇటువంటి ఆదేశమే ఇచ్చినది. 2002లో న్యాయస్థానం దానిని కొట్టివేయగా, 2003లో నియంత్రణ సంస్థ కొత్త చందాదారుల విషయంలో ఈ విధానాన్ని క్రమంగా విరమించుకొన్నది.

రెండవ షరతు చూడటానికి చిన్నదే, కాని దానిలో పెద్ద ప్రశ్న దాగి ఉన్నది. చందాదారుడు టెలిఫోను బిల్లు కట్టకపోయినా, సెల్‌ఫోను వచ్చినదని టెలిఫోనును వదులుకొన్నా, ఇంటర్నెట్ సంస్థ పరిస్థితి ఏమిటి? నిర్వచనాన్ని అక్షరాలా చదివితే టెలిఫోను సేవ ఆగిన రోజే ఉమ్మడి వినియోగం కూడా ముగుస్తుంది. అప్పుడు ఆ సంస్థ తీగ మొత్తానికి అద్దె చెల్లించవలసి వస్తుంది, లేదా చందాదారుని వదులుకోవలసి వస్తుంది. ఒప్పందంలో దీనికి ముందుగానే ఒక వాక్యం రాసుకోకపోతే నష్టపోయేది చందాదారుడే.

మరమ్మతు ప్రశ్న ఇంతకంటే జటిలమైనది. కేబులు అతుకులోకి నీరు చేరినపుడు మాట గరగరలతోనైనా వినిపిస్తూ, ఇంటర్నెట్ మాత్రం పదేపదే తెగిపోవచ్చు. దీనికి విరుద్ధంగా, జతలో ఒక తీగ తెగితే టెలిఫోను పూర్తిగా మూగబోయినా ఇంటర్నెట్ ఒక్కోసారి కుంటుతూ నడుస్తుంది. మొదటి సందర్భంలో తీగ యజమాని తన పరికరంతో పరీక్షించి లైను బాగానే ఉన్నదని చెప్పవచ్చు, తన దృష్టిలో అది నిజమే. కనుక లైను బాగుండుట అంటే ఏమిటో, ఏ పౌనఃపున్యం వద్ద, ఎవరి సమక్షంలో కొలవాలో ఒప్పందమే చెప్పాలి. రెండు పొలాల మధ్య ఉమ్మడి గట్టు తెగితే మట్టి ఎవరు వేయాలన్న తగవు డెల్టా రైతులకు కొత్త కాదు. ఇదీ అటువంటిదే.

గోదావరి డెల్టాలో

ఉభయ గోదావరి జిల్లాలలో ఇళ్లకు చేరిన రాగి లైన్లలో అత్యధికం టెలికం శాఖ వేసినవే. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడినపుడు ఇవి దానికి సంక్రమించాయి. తూర్పు గోదావరికి రాజమండ్రి, పశ్చిమ గోదావరికి ఏలూరు కేంద్రాలుగా నిర్వహణ సాగినది. కాలువ గట్ల వెంబడి ఊళ్లు దగ్గరదగ్గరగా ఉండుట వలన డెల్టా ఏడీఎస్ఎల్ పద్ధతికి అనువైన ప్రాంతమే. అయితే భూగర్భజలం పైనే ఉండుట, వానాకాలంలో నేల నీట నానుట కేబుళ్లకు శత్రువులు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లతో పాటు విద్యుత్తు, టెలిఫోను స్తంభాలను కూడా నేలకూల్చినది. ఇక్కడ తీగను కాపాడుటకు అయ్యే ఖర్చు ఎక్కువ. అందుచేత ఆ ఖర్చులో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న మెట్ట ప్రాంతంలో కంటే ఇక్కడ బరువైనది.

2004 ఏప్రిల్‌లో భారత టెలికం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) బ్రాడ్‌బ్యాండ్ వ్యాప్తికై చేసిన సిఫార్సులలో లోకల్ లూప్‌ను ఇతర సంస్థలకు అందుబాటులో ఉంచాలని సూచించినది. ప్రభుత్వ సంస్థలు దీనిని వ్యతిరేకించాయి. తాము ప్రజాధనంతో వేసిన తీగలను, గ్రామాలకు రాని పోటీదారులు లాభసాటి పట్టణాలలో మాత్రమే వాడుకొంటారన్నది వారి వాదన. ఈ వాదనను తీసిపారేయలేము. లంక గ్రామానికి లైను వేసిన ఖర్చు ఆ గ్రామపు బిల్లులతో తీరదు, భీమవరం వంటి పట్టణాల ఆదాయమే దానిని భరించాలి.

అదే సంవత్సరం అక్టోబరు 14న వెలువడిన బ్రాడ్‌బ్యాండ్ విధానం సిఫార్సును స్వీకరించలేదు. అందుబాటులో ఉన్న రాగి లూపుల వినియోగానికై సంస్థలు పరస్పర అంగీకారంతో వాణిజ్య ఏర్పాట్లు చేసుకోవచ్చునని మాత్రం పేర్కొన్నది. వినుటకు ఉదారంగా ఉన్నా, ఆచరణలో ఈ వాక్యం తలుపు మూసినది. ఒకే ఒక తీగ ఉండి, దాని యజమాని తానే ఇంటర్నెట్ సేవను కూడా అమ్ముతున్నపుడు పోటీదారునితో అంగీకారానికి రావలసిన అవసరం అతనికి లేదు. 2002లో ట్రాయ్ తెచ్చిన అంతర్‌సంధాన నిబంధన కూడా ఇక్కడ అక్కరకు రాదు. అది ఒక నెట్‌వర్కు నుండి మరొక నెట్‌వర్కుకు పిలుపులు దాటించుటకు సంబంధించినది, చందాదారుని తీగను పంచుకొనుటకు కాదు.

2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ తన డేటావన్ సేవను ప్రారంభించినది. 2010 నాటికి దేశంలో 2 కోట్ల బ్రాడ్‌బ్యాండ్ చందాదారులు ఉండాలన్నది విధాన లక్ష్యం కాగా, ఆ సంవత్సరాంతానికి చేరినది కోటి పైచిలుకు మాత్రమే. ఈ లోటుకు తీగల పంపకం లేకపోవుట ఒక్కటే కారణం అనలేము. కంప్యూటర్ల ధరలు, విద్యుత్తు కోతలు కూడా కారణాలే. కాని 2006 ప్రాంతంలో దేశంలో సుమారు 5 కోట్లుగా ఉన్న టెలిఫోను లైన్లు 2020 నాటికి 2 కోట్ల దరిదాపులకు పడిపోయాయి. వదులుకొన్న ఆ లైన్ల రాగి ఎవరికీ ఉపయోగపడకుండా నేలలోనే మిగిలినది. పంచుకొని ఉంటే కనీసం దాని మరమ్మతు ఖర్చులో కొంత అద్దె రూపంలో వచ్చి ఉండేది.

ఫైబరు కాలంలో

ఇదే ప్రశ్న మరొక రూపంలో డెల్టాకు తిరిగి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2015లో స్థాపించిన ఫైబర్‌నెట్ సంస్థ విద్యుత్తు స్తంభాలపై ఫైబరు తీగలు లాగినది. సఖినేటిపల్లి మండలంలోని మోరి గ్రామం (2022 నుండి కోనసీమ జిల్లా) 2016 డిసెంబరులో ఈ సేవ అందుకొన్న తొలి గ్రామాలలో ఒకటి. తరువాత నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టెలివిజన్, టెలిఫోను కలిపి ఇచ్చే పథకం వచ్చినది.

ఇక్కడ స్తంభం తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థది, ప్రధాన ఫైబరు ఫైబర్‌నెట్‌ది, ఇంటికి దించిన చివరి తీగ స్థానిక కేబుల్ ఆపరేటరుది. గాలివానకు కొబ్బరిమట్ట పడి తీగ తెగినపుడు చందాదారుడు ఫోను చేసేది ఆపరేటరుకే. స్తంభం ఎక్కుటకు అనుమతి, తెగిన చోటు ఎవరి హద్దులోనిది, సేవ లేని రోజులకు చందా తగ్గింపు ఎవరి ఖాతాలోనిది అన్నవి మాత్రం ఆపరేటరు ఒక్కడు తేల్చగలిగినవి కావు. బీఎస్ఎన్ఎల్ కూడా ఫైబరు కనెక్షన్లకై స్థానిక భాగస్వాములతో ఆదాయం పంచుకొనే ఒప్పందాలు చేసుకొంటున్నది.

ఒక చిక్కు మాత్రం కొత్తది. ఫైబరులో మాటకు ఒక భాగం, ఇంటర్నెట్‌కు ఒక భాగం అన్న విభజన లేదు, అన్నీ ఒకే కాంతి ప్రవాహంలో సాగుతాయి. ఒక ఫైబరును 32 లేక 64 ఇళ్లకు చీల్చుట మామూలు, కనుక ఇంటికొక తీగను ఎక్స్ఛేంజి వద్ద వేరుచేసి మరొక సంస్థ చేతికి ఇచ్చుటకు వీలు లేదు. పౌనఃపున్యాన్ని ఆధారం చేసుకొన్న పాత నిర్వచనం దీనికి వర్తించదు. తీగకు బదులుగా దానిపై ప్రవహించే సామర్థ్యాన్ని టోకుగా కొని అమ్ముకొనుట ఇప్పుడు ఉన్న మార్గం. కేబుల్ ఆపరేటరు ఆ సామర్థ్యాన్ని కొనే స్వతంత్ర వ్యాపారియా, లేక కమీషనుపై పనిచేసే ప్రతినిధా అన్నది ఒప్పందంలో వాడిన మాటను బట్టి ఉంటుంది. వ్యాపారి అయితే చందాదారులు అతనివారు, ప్రతినిధి అయితే సంస్థవారు. సంస్థ చెల్లింపులు ఆలస్యం చేసినపుడు, లేక ఆపరేటరు మరొక సంస్థకు మారదలచినపుడు, ఊరిలోని కనెక్షన్లు ఎవరితో వెళ్తాయో తేల్చేది ఆ ఒక్క మాటే.