చేతులు కట్టుకుని చూసే జాగ కాదు అది



మొన్న ఒక అన్న మన గ్రూపులో రాసిండు, "మన పిల్లలకు మ్యూజియాలెందుకు, అడవే మన మ్యూజియం" అని. మస్తు లైకులొచ్చినయ్. నేను కూడా కొట్టిన, అబద్ధమెందుకు. పోయిన ఆదివారం ఆ లైక్ తీసేసిన. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగైతది, ఓపిక పట్టండి.

మా అమ్మను హైదరాబాద్‌లో హాస్పిటల్‌ల చేర్పించినం. అక్క తోడు వచ్చింది, వెంట పిల్లలిద్దరు. వార్డులోకి చిన్నపిల్లల్ని రానియ్యరు. అందుకే ఇద్దరినీ నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ మ్యూజియంకు తీసుకపోయిన. బాబుకు ఎనిమిదేండ్లు, ఆశ్రమ పాఠశాల హాస్టల్‌లో ఉండి మూడో తరగతి చదువుతున్నడు. పాపకు అయిదు, ఇంకా బడి మొహం చూడలేదు.

పాప పోయి లోపలికి వంగిన పెద్ద అద్దం ముందట నిలబడ్డది. దూరంగా ఉంటే తల కిందులుగా కనబడుతది. నడుచుకుంటూ దగ్గరికి పోతే ఒక చోట బొమ్మంతా చెదిరిపోతది, ఇంకా దగ్గరికి పోతే మొహం నిటారుగా, ఇంత పెద్దగా వస్తది. ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు, మళ్ళీ ముందుకు. బొమ్మ ఎక్కడ తిరగబడుతుందో ఆ జాగను కాలితో గుర్తు పెట్టుకుంది. ఎవరూ నేర్పలేదు.

బాబు మాత్రం చేతులు కట్టుకుని నా పక్కనే నిలబడ్డడు. పక్కన నొక్కే బొత్తాలు, తిప్పే చక్రాలు ఉన్నయ్. సిటీ పిల్లలు వాటి మీద ఎగబడుతున్నరు. వీడు గొంతు తగ్గించి గోండిలో అడిగిండు: "మామా, ముట్టుకుంటే కొడ్తరా?"

ముట్టుకోవడం కోసమే కట్టిన జాగలో పిల్లగాడు అడిగిన ప్రశ్న ఇది. అన్నాచెల్లెళ్ళిద్దరికీ తేడా ఏంది? మూడేండ్ల హాస్టలు. అంతే.

మేమక్కడ ఉండంగనే ఒక స్కూలు పిల్లలొచ్చిన్రు. మాట వింటే తెలిసింది, మన వైపోళ్ళే. రెండు వరసలు, ముందు వాడి భుజం మీద వెనక వాడి చెయ్యి. "ఏదీ ముట్టుకోవద్దు, లైన్ తప్పొద్దు" అని సార్ అరుస్తున్నడు. అద్దం ముందునుంచి పోయిన్రు, ఒక్కడు కూడా ఆగలేదు. బ్యానర్ పట్టుకుని ఫోటో దిగిన్రు, బస్సెక్కిన్రు. ఇంకా జూ ఉంది, చార్మినార్ ఉంది. ఆ సార్‌ను తిట్టాలని లేదు నాకు. పిల్లగాడు తప్పిపోయినా, ఏదైనా విరిగినా ఆయన మెడకే చుట్టుకుంటది. కానీ రాత్రంతా ప్రయాణం చేయించి తెచ్చి, చేతులు కట్టించి తిప్పి పంపుడు ఎందుకు? ఫోటోల కోసమైతే ఊళ్ళోనే దిగొచ్చు.

నా సంగతి చెప్తా. పుటాకార దర్పణం మీద పదో తరగతి పరీక్షలో ప్రశ్న రాసిన. కిరణ చిత్రం స్కేలు పెట్టి నీటుగా గీసిన, ఫుల్ మార్కులు. ఆ అద్దాన్ని చేత్తో పట్టుకున్నది మాత్రం డిగ్రీ ఫస్టియర్‌లో. మేం చదివిన బడిలో సామాన్లు లేక కాదు. బీరువాలో ఉండేవి, బీరువాకు తాళం ఉండేది, పగిలిపోతయని. పగిలిపోతే ఇంకోటి కొనొచ్చు, పిల్లగాడి పదేండ్లు యాడ కొంటరు?

ఇప్పుడు అన్న మాటకొస్తా. అన్నా, అడవి చాలా నేర్పుతది. ఇప్పపూవు ఏ పొద్దుకు రాలుతదో మా బాబుకు తెలుసు, వాడి చేతులు ఊళ్ళో ఒక్క నిమిషం ఊరుకోవు. అందుకే నా కోపం. ఇంటికాడ అన్నీ చేసే చేతులు బడి గేటు దాటంగనే ఎందుకు ముడుచుకుంటున్నయ్? "అడవే మ్యూజియం" అంటే బీరువా తాళం వేసినోళ్ళకు ఇంకింత ధైర్యం. సిటీ పిల్లలు ఆదివారం మ్యూజియం చూసి సెలవుల్లో అడవి కూడా చూసిపోతరు. మనోళ్ళకు రెంట్లో ఒకటే చాలని ఎవరు చెప్పిన్రు? ఆ మాట రాసినోళ్ళ పిల్లలు ఎక్కడ చదువుతున్నరో గ్రూపులో అందరికీ తెలుసు, నేను రాయను.

ఇంకో ముచ్చట. అదే బిర్లా సెంటర్‌లో ఒక డైనోసార్ అస్థిపంజరం ఉంది, కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఆ యామన్‌పల్లి మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాదే. జురాసిక్ కాలపు ఎముకలు మన మట్టిలో దొరికినయ్. వాటిని ముట్టుకోవద్దంటే అర్థముంది. బాబుకు చెప్పిన, ఇది మన దగ్గరిదేరా అని. "మరి ఇక్కడెందుకుంది?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు.

పిల్లలు ముట్టుకుని నేర్చుకోవాలన్నది కొత్త సోకేం కాదు. అమెరికాలో బ్రూక్లిన్‌లో పిల్లల మ్యూజియం పెట్టింది 1899లో. మన దేశంలో కలకత్తాలో బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1959లో తెరిచిన్రు. 1965లో వాళ్ళే నమూనాలను బస్సులో పెట్టుకుని పల్లెటూళ్ళ బడులకు పోయిన్రు. అప్పుడే బస్సు ఊళ్ళకు పోయినప్పుడు ఇప్పుడు మన ఏజెన్సీకి ఎందుకు రాదు? ఉట్నూరు ఐటీడీఏకు అర్జీ పెడదాం: అట్లాంటి బస్సు మన ఆశ్రమ పాఠశాలలు తిరగాలె, బీరువాల తాళాలు తియ్యాలె. అర్జీ నేను రాస్తా, తప్పులుంటే దిద్దండి.

అప్పటిదాకా స్టీలు గరిటె చాలు. లోపలి వైపు మొహం తలకిందులు, వెనక వైపు నిటారుగా చిన్నగా. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ పిల్లల చేతికియ్యండి.

సంక్రాంతి సెలవులైనంక మా మండలం ఆశ్రమ పాఠశాల పిల్లలు టూర్‌కు వస్తున్నరంట. అక్కడి సార్‌తో ఫోన్‌లో మాట్లాడిన. పదిమందికి ఒక్కరు చొప్పున మనోళ్ళు ఉంటే లైన్లు లేకుండా వదుల్తా అన్నడు. నేనుంటా. గోండి, కొలామి వచ్చినోళ్ళు ఇంకో అయిదుగురు కావాలె, అక్కచెల్లెళ్ళు కూడా రావాలె, ఆడపిల్లలు ఎక్కువున్నరు. కింద కామెంట్‌లో పేరు, హాస్టల్ రాయండి.