చుట్ట పెట్టె లాక్కునే చట్టం ఎవరి పొట్ట కొడుతోంది?

ఒంగోలు, కందుకూరు, పొదిలి ప్రాంతాల పొగాకు రైతుల పిల్లలు ఇవాళ డల్లాస్‌లో, హ్యూస్టన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. అమ్మానాన్నలు చూడటానికి వస్తే గాల్వెస్టన్ రేవులో క్రూయిజ్ ఓడ ఎక్కించి మెక్సికో దీవి కోజుమెల్ దాకా తిప్పుకొస్తారు. అక్కడి దుకాణాల్లో క్యూబా చుట్టల పెట్టెలు వరుసగా పేర్చి ఉంటాయి. పొగాకు పండించినవాడి చెయ్యి ఆ పెట్టె మీదికి పోకుండా ఉండదు. ఊరికి తీసుకెళ్లి నలుగురికీ చూపిద్దామని కొంటే, ఓడ తిరిగి గాల్వెస్టన్ చేరాక కస్టమ్స్ అధికారి ఆ పెట్టెను లాక్కుంటాడు. జరిమానా కూడా పడవచ్చు. అమెరికా పౌరుడైనా, వీసా మీద వచ్చిన మన ఊరి పెద్దాయన అయినా ఇదే చట్టం.

పెట్టె పోతే పోయింది, రైతు సంఘం పత్రికకు దీంతో ఏం పని అంటారా? అదే బల్ల మీద అదే అధికారి ఇంకేం వదిలేస్తున్నాడో చూడండి. డొమినికన్ రిపబ్లిక్‌లోనో, నికరాగువాలోనో, హోండురాస్‌లోనో చుట్టినవి అయితే 100 చుట్టలు, వాటితోపాటు 200 సిగరెట్లు అమెరికా నివాసి పన్ను లేకుండా తెచ్చుకోవచ్చు. మొత్తం కొనుగోళ్లు 800 డాలర్ల లోపు ఉంటే చాలు. సిగరెట్ కార్టన్లను ఆ ఓడలోని డ్యూటీ ఫ్రీ కొట్టులోనే అమ్ముతారు. కాబట్టి ఎవరూ ఆరోగ్యం పేరు ఎత్తనక్కర్లేదు. పొగాకు మంచిదని మేము ఏనాడూ చెప్పలేదు. మంచులో తడిసిన ఆకు కొట్టేటప్పుడు తల తిరిగి వాంతులు చేసుకునే కూలీలను చూసినవాళ్లం, ఆ ఆకు ఏం చేస్తుందో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ డొమినికన్ చుట్ట ఊపిరితిత్తులను వదిలేసి, క్యూబా చుట్ట మాత్రమే పాడుచేస్తుందా?

మన దేశంలోనూ హద్దు ఉంది. విదేశం నుంచి వచ్చేవారు 100 సిగరెట్లు, లేదా 25 సిగార్లు, లేదా 125 గ్రాముల పొగాకు మాత్రమే పన్ను లేకుండా తెచ్చుకోవచ్చని 2016 బ్యాగేజీ నిబంధనలు చెప్పాయి. దానిపై మాకు అభ్యంతరం లేదు. దొంగ సిగరెట్లు దిగితే దెబ్బ తినేది మన వర్జీనియా రైతే కాబట్టి హద్దు గట్టిగా అమలు చేయమనే మేము అడుగుతున్నాం. మన నిబంధన ఎంత అని అడుగుతుంది, అందరినీ ఒకేలా అడుగుతుంది. అమెరికా నిబంధన ఆ ఆకు ఏ దేశపు రైతు చేలోదని అడుగుతుంది. ఒక్క దేశపు రైతునే అడుగుతుంది.

ఈ కథ 1962 ఫిబ్రవరిలో మొదలైంది. అధ్యక్షుడు కెనడీ క్యూబాతో వ్యాపారం మొత్తం బంద్ చేస్తూ సంతకం పెట్టాడు. ఆ సంతకానికి ముందు సాయంత్రం తన పత్రికా కార్యదర్శి పియరీ శాలింజర్‌ను పిలిచి, తెల్లారేసరికి వెయ్యి క్యూబా చుట్టలు సంపాదించమన్నాడట. శాలింజర్ 1,200 తెచ్చాడు. అవి చేతికి అందాకే సంతకం పడింది. ఇది చెప్పింది కమ్యూనిస్టులు కాదు, శాలింజరే తర్వాత రాసుకున్నాడు. దొరవారి నిల్వకు ముందు ఏర్పాటు చేసుకుని, ఆ తర్వాత రైతు కడుపు మీద కొట్టారన్నమాట.

ఆ తర్వాత తలుపు ఒకసారి కొంచెం తెరుచుకుంది. 2015లో ఒబామా ప్రభుత్వం, క్యూబా వెళ్లివచ్చేవారు 100 డాలర్ల విలువైన చుట్టలు, మద్యం తెచ్చుకోవచ్చంది. 2016 మే నెలలో మయామీ నుంచి బయలుదేరిన క్రూయిజ్ ఓడ హవానా రేవుకు చేరింది. అదే ఏడాది అక్టోబరులో ఆ 100 డాలర్ల హద్దు కూడా తీసేశారు, సొంత వాడకానికైతే చాలన్నారు. మూడేళ్లు తిరిగేసరికి గాలి మారింది. 2019 జూన్‌లో ట్రంప్ ప్రభుత్వం క్రూయిజ్ ఓడలు క్యూబా వెళ్లకుండా ఆపేసింది. 2020 సెప్టెంబరు 24 నుంచి ఒక్క చుట్ట కూడా సామానులో తేరాదంది. అమెరికావాళ్లు కోజుమెల్‌లో కూర్చుని క్యూబా చుట్ట కాల్చుకోవడానికి మాత్రం ఇవాళ్టికీ అడ్డు లేదు! పొగ లోపలికి పోవచ్చు, ఆకు మాత్రం రేవు దాటకూడదు. మధ్యలో బైడెన్ వచ్చి వెళ్లినా ఈ నిషేధం కదల్లేదు. పార్టీ ఏదైనా ఫ్లోరిడా ఓట్ల లెక్క ఒకటే మరి.

ఆ ఆకు వెనక ఎవరున్నారో చూద్దాం. క్యూబా పడమటి కొసన పినార్ డెల్ రియో అనే జిల్లా ఉంది. అందులో వుయెల్టా అబాహో నేలలు చుట్టల ఆకుకు ప్రపంచంలోనే పేరుపడ్డవి. అక్కడ పొగాకు వేసేవాళ్లలో ఎక్కువమంది చిన్న కమతాల రైతులు, సహకార సంఘాల్లో కలిసి ఉన్నారు. నారుమడి, నాటు, తల తుంచడం, పిలకలు గిల్లడం, మనకు తెలియని పని అక్కడ ఒక్కటీ లేదు. అడుగు ఆకుతో మొదలుపెట్టి కొన్ని కొన్ని ఆకులుగా పైకి కొట్టుకుంటూ పోతారు. చుట్ట పైన చుట్టే పలుచటి ఆకు కోసం చేను మీద గుడ్డ పందిరి కడతారు. మన బ్యారన్‌లా కట్టెల మంట పెట్టరు. తాటాకు కప్పిన కొట్టంలో కర్రలకు కట్టి నెలన్నర, రెండు నెలలు గాలికి ఆరబెడతారు. 2022 సెప్టెంబరులో ఇయాన్ తుపాను ఆ జిల్లా మీద విరుచుకుపడి వేలాది ఆరబెట్టే కొట్టాలను నేలమట్టం చేసింది. తుపాను పోయాక ఒరిగిన బ్యారన్ ముందు నిలబడ్డ అనుభవం ఉన్న మన తీర ప్రాంత రైతుకు ఆ దృశ్యం వర్ణించనక్కర్లేదు. మళ్లీ కట్టుకోవడానికి మేకు కావాలి, రేకు కావాలి, ఎరువు కావాలి, డీజిల్ కావాలి. అవి రావాలంటే ఓడ రావాలి.

ఓడ దగ్గరే రెండో ముడి ఉంది. 1992లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, వ్యాపారం కోసం క్యూబా రేవులో ఆగిన ఓడ ఆ తర్వాత 180 రోజులు అమెరికా రేవులో సరుకు ఎత్తకూడదు, దించకూడదు. ఆరు నెలలు అమెరికా వ్యాపారం వదులుకునే ఓడ యజమాని ఎవరుంటారు? ఉన్నా కిరాయి ఎంత అడుగుతాడు? ఆ కిరాయి చివరికి ఎరువు బస్తా మీదే పడుతుంది. 1996లో హెల్మ్స్-బర్టన్ చట్టంతో ముడిని మరింత బిగించారు. ఇంత పట్టుదల ఉన్నవాళ్లు క్యూబాకు ఏమీ అమ్మరనుకుంటాం. 2000లో చేసిన ఇంకో చట్టం కింద అమెరికా కోళ్ల కంపెనీలు క్యూబాకు మాంసం అమ్ముతున్నాయి, ముందే నగదు కట్టించుకుని మరీ. అమెరికా కోడి హవానాలో దిగవచ్చు. హవానా చుట్ట మాత్రం మయామీలో దిగకూడదు. దీన్ని ఆంక్ష అంటారా, ఏకపక్ష వ్యాపారం అంటారా?

పేర్ల సంగతి ఇంకా విడ్డూరం. కోహిబా, మోంటెక్రిస్టో, పార్టగాస్, రోమియో ఇ జూలియెటా. ఇవన్నీ క్యూబాలో పుట్టిన పేర్లు. అమెరికా కొట్లకు వెళితే ఈ పేర్లన్నీ దొరుకుతాయి, దర్జాగా, చట్టబద్ధంగా. పెట్టె తెరిస్తే లోపల వేరే దేశాల్లో వేరే కంపెనీలు చుట్టించిన చుట్టలుంటాయి. కోహిబా పేరు ఎవరిదని 1997లో మొదలైన వ్యాజ్యం పాతికేళ్లు దాటి సాగింది. పేరుకు రేవులో అడ్డు లేదు, ఆ పేరు నిలబెట్టిన రైతు ఆకుకే అడ్డు. ఇది మనకు కొత్త కాదు. 1997లో టెక్సాస్‌లోని రైస్‌టెక్ కంపెనీ బాస్మతి మీద పేటెంటు తీసుకున్నప్పుడు మన రైతాంగం గొంతెత్తింది ఇందుకే. అంతకు ముందు సంగతి చెప్పాలంటే, మన గోదావరి లంకల పొగాకుతో చుట్టిన చుట్టలు ఇంగ్లండులో ఎంత పేరుపొందాయంటే, కానన్ డాయిల్ తన ‘ద సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ చేత ‘ఇండియన్ లుంకా’ అని పలికించాడు. మన ‘లంక’ అన్నమాట. లంక రైతు పేరు ఆ దేశంలో ఎవరికీ తెలియదు.

మాకు ఎదురు చెప్పేవాళ్లు ఒక మాట అంటారు: క్యూబా చుట్టల డబ్బు రైతుకు ఎక్కడ పోతోంది, ప్రభుత్వానికే కదా అని. అందులో నిజం లేకపోలేదు. అక్కడ రైతు తన పంటలో దాదాపు 90 శాతం ప్రభుత్వానికే, ప్రభుత్వం చెప్పిన ధరకే అమ్మాలి. ప్రపంచమంతా చుట్టలు అమ్మే హబానోస్ సంస్థలో సగం వాటా క్యూబా ప్రభుత్వానిదైతే, మిగతా సగం విదేశీ పెట్టుబడిదారులది. 2024లో ఆ సంస్థ అమ్మకాలు 82.7 కోట్ల డాలర్లు. అందులో వుయెల్టా అబాహో రైతు వాటా పెరగాలని మేమూ అంటాం. గిట్టుబాటు ధర హవానాలో అడిగినా, గుంటూరులో అడిగినా న్యాయమే. అయితే ఆ పోరాటం ఆ రైతులకు, ఆ ప్రభుత్వానికి మధ్యది. పక్కింటి కాపు తన కొడుక్కి సరిగా వాటా పెట్టలేదని, వాళ్ల బావికి మనం తాళం వేస్తే కొడుకు దాహం తీరుతుందా?

ప్రపంచం ఏమంటోందో కూడా చూడండి. ఈ దిగ్బంధం ఎత్తేయాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1992 నుంచి తీర్మానాలు చేస్తూనే ఉంది. 2024లో 187 దేశాలు అవునన్నాయి, కాదన్నవి అమెరికా, ఇజ్రాయెల్ రెండే. 2025లో అనుకూల ఓట్లు 165కు తగ్గి, వ్యతిరేక ఓట్లు 7కు పెరిగాయి. ఒత్తిడి చేస్తే మెడలు వంగుతాయని అమెరికాకు తెలుసు. అందుకే ఈ విషయం మన పత్రికలో రాస్తున్నాం.

ఆ ఒత్తిడి రుచి మన దాకా వచ్చింది. 2025 ఆగస్టు 27న మన సరుకుల మీద సుంకం 50 శాతానికి చేరింది. అందులో సగం, రష్యా చమురు కొంటున్నందుకు శిక్ష అన్నారు. చమురు కొన్నది కంపెనీలు. దెబ్బ తిన్నది భీమవరం, నెల్లూరు చెరువుల రొయ్యల రైతు. కౌంటు ధర పడిపోయినప్పుడు ఏ చమురు కంపెనీ వచ్చి చెరువు గట్టున నిలబడింది? క్యూబా రైతు మీద 1962 నుంచి నడుస్తున్న ఆయుధం, మన రైతు మీద ఒక్క ఉత్తర్వుతో దిగింది. ఇంకో సంగతి. అదే అమెరికా 2004లో తన పొగాకు కోటా విధానం రద్దు చేసినప్పుడు, సొంత పొగాకు రైతులకు, కోటాదారులకు పదేళ్లపాటు దాదాపు 1,000 కోట్ల డాలర్లు పరిహారంగా ఇప్పించింది, అదీ పొగాకు కంపెనీల నుంచి వసూలు చేసి. మన దగ్గర 2025లో నల్ల బర్లీ కొనే నాథుడు లేక రైతులు రోడ్డెక్కాక గానీ మార్క్‌ఫెడ్ దిగలేదు.

కేంద్ర ప్రభుత్వాన్ని మేము అడుగుతున్నది రెండు మాటలు. ఐక్యరాజ్యసమితిలో క్యూబా పక్షాన ఓటు వేసి ఊరుకోవడం చాలదు, మందులు, బియ్యం, వ్యవసాయ పనిముట్ల వ్యాపారం ఆ దేశంతో రూపాయల్లో సాగే దారి చూడాలి. సుంకాల బెదిరింపుకు లొంగి మన పాడి, పత్తి, మొక్కజొన్న మార్కెట్లను అమెరికాకు తెరవకూడదు. అమెరికాలోని మన పిల్లల్లో అక్కడ ఓటు ఉన్నవాళ్లకూ ఒక మాట: సంక్రాంతి, ఉగాది సభలకు తమ ప్రజాప్రతినిధులను పిలిచి శాలువాలు కప్పుతున్నారు కదా, ఆ శాలువాతోపాటు ఈ చట్టం సంగతి కూడా అడగండి.

ఇది కొత్తగా ఎత్తుకున్న గోల కాదు. 1992లో సోవియట్ యూనియన్ కూలి క్యూబా ఆకలితో ఉన్నప్పుడు, హర్‌కిషన్ సింగ్ సుర్జీత్ చొరవతో ఈ దేశంలో గింజ గింజ పోగుచేసి 10,000 టన్నుల గోధుమలు ఓడకెత్తించారు. పి.వి. నరసింహారావు ప్రభుత్వం కూడా తన వంతు ధాన్యం కలిపింది. ఆ ఓడను ఏ కస్టమ్స్ అధికారీ ఆపలేకపోయాడు. అది హవానా చేరింది.