డీజిల్ పెరిగితే లారీ ఎక్కడ తగ్గాలి?

లారీ యజమాని బతుకు రెండు ధరల మధ్య నడుస్తుంది. ఒకటి డీజిల్‌ది, దాన్ని ఎవరో పెంచుతారు. రెండోది కిరాయి, దాన్ని ఇంకెవరో తగ్గిస్తారు. రెండింటిలోనూ అతని మాటకు చోటు లేదు.

2022 మార్చి 22 నాటి సంగతి చూడండి. ఐదు రాష్ట్రాల ఎన్నికల పుణ్యమా అని నాలుగున్నర నెలలు కదలని డీజిల్ ధర ఆ రోజు కదిలింది. ఏప్రిల్ 6 నాటికి, పదహారు రోజుల్లో 14 సార్లు పెరిగి, లీటరుకు రూ.10 పైకి పోయింది. హైదరాబాద్‌లో డీజిల్ రూ.105 దాటింది. కారున్నవాళ్లం పది రూపాయలేగా అనుకుంటాం. నిండు లోడుతో పది టైర్ల లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. విజయవాడ నుంచి కోల్‌కతా దాదాపు 1,200 కిలోమీటర్లు, అంటే 300 లీటర్లు. ఒక్క వైపుకే రూ.3,000 అదనం. కిరాయి మాత్రం అంత తొందరగా కదలదు. బత్తా, టోలు, మామూళ్లు ఎలాగూ ఆగవు. రిటర్న్ లోడు దొరక్కపోతే ఆ ట్రిప్పు ఎందుకు వేశామా అనిపిస్తుంది.

అప్పుడు మొదట మారేది బంకు. ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు మరో రూ.4, రోడ్డు సెస్సు ఒక రూపాయి. తెలంగాణలో 27 శాతం వ్యాట్. శాతం లెక్క కాబట్టి ధర పెరిగినప్పుడల్లా ఖజానాకూ పెరుగుతుంది. 2022 మే తర్వాత రెండేళ్లపాటు కర్ణాటకలో డీజిల్ మనకంటే లీటరుకు పది రూపాయల దాకా చవక. అందుకే బెంగళూరు వైపు వెళ్లే బండి కొడికొండ చెక్‌పోస్టు దాటేదాకా ట్యాంకు అడుగున ఉన్నదాంతో లాక్కొచ్చి, బాగేపల్లి వైపు ఫుల్ చేయించుకునేది. కోనసీమ, కాకినాడ వాళ్లకు యానాం ఉండనే ఉంది. మన పన్ను పక్క రాష్ట్రం బంకుకు బేరం తెచ్చిపెడుతోందన్నమాట.

ఇది తెలివైన పొదుపు. తెలివితక్కువ పొదుపు ఘాట్ రోడ్డు మీద కనిపిస్తుంది. మొగిలి ఘాట్ లాంటి దిగుడులో గేరు తీసి న్యూట్రల్‌లో బండిని వదిలేస్తారు, డీజిల్ మిగులుతుందని. పాత పంపు ఇంజిన్ల కాలం నుంచి గురువు నుంచి శిష్యుడికి వస్తున్న విద్య ఇది. ఇప్పటి ఇంజిన్లలో ఈ లెక్క చెల్లదు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, డీజిల్ సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. పైగా ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకు డ్రమ్ముల మీద పడుతుంది. అవి వేడెక్కితే పెడల్ తొక్కినా పట్టవు. నాలుగు చుక్కలు మిగల్చబోయి ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. మైలేజీ తగ్గితే బత్తాలో కోసే యజమాని కూడా ఇందులో దోషే. డ్రైవర్‌ను మాత్రమే తిట్టడం నాకు న్యాయంగా తోచదు.

తర్వాతి వేటు క్లీనర్ మీద. ఒక మనిషి ఖర్చు తగ్గుతుందని డ్రైవర్‌ను ఒంటరిగా పంపుతారు. అర్ధరాత్రి రెండు గంటలకు నిద్ర ముంచుకొస్తే మాట కలిపేవాడు ఉండడు. అరిగిన టైరుకు మరోసారి రీట్రెడ్, అదీ కాకపోతే మరో రెండు టన్నుల ఓవర్‌లోడు.

బండ్ల కొనుగోళ్ల తీరు కూడా ఇందువల్లే మారింది. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ లోడు పెంచింది; పది టైర్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేరింది. పెద్ద బండికి టన్నుకయ్యే డీజిల్ తక్కువ. అందుకే స్తోమత ఉన్నవాళ్లు పద్నాలుగు, పదహారు టైర్ల వైపు మళ్లారు. అలాంటి కొత్త బండికి బాడీ కట్టించి రోడ్డెక్కించాలంటే లక్షల్లో డౌన్ పేమెంటు, నెలనెలా కిస్తీ. నిన్నటిదాకా డ్రైవరుగా ఉండి యజమాని కావాలనుకున్నవాడు అది మోయలేడు. ఆటోనగర్‌లో పాత బీఎస్-4 బండి చూసుకుంటాడు. ఎక్కువ డీజిల్ తాగే లారీ చివరికి డీజిల్ కొనలేనివాడి చేతికే వస్తుంది.

పెద్ద ట్రాన్స్‌పోర్టర్లకు కంపెనీలతో రాతకోతలుంటాయి. డీజిల్ పెరిగితే కిరాయి సవరించే షరతు వాటిలో చాలాచోట్ల ఉంటుంది. ఒకటి రెండు బండ్లవాడికి బ్రోకర్ ఫోనే ఒప్పందం. పోనీ డీజిల్ జీఎస్టీలోనైనా ఉందా అంటే, అదీ లేదు. 2022 మే తర్వాత ముడిచమురు దిగివచ్చినా 2024 మార్చి దాకా బంకులో ధర కదల్లేదు. ఆ మిగులులో లారీవాడికి దక్కిన వాటా సున్నా.

జీఎస్టీ మండలి ఎప్పటికి తేలుస్తుందో దానికే వదిలేద్దాం. రైస్ మిల్లర్లు, సిమెంటు డీలర్లు, మిర్చి వ్యాపారులు తలచుకుంటే రేపే చేయగలిగింది ఒకటుంది. కిరాయి కుదిరిన రోజు డీజిల్ ధర ఎంతో బిల్టీ మీద రాయండి. తర్వాతి లోడు నాటికి అది పెరిగితే ఆ తేడా కిరాయిలో కలిపివ్వండి. మీ సరుకు మోసే బండి బ్రేకులు బాగుండటం మీకూ అవసరమే.