భయానికి పరిహారం ఏ పద్దులో?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్‌ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్‌ ఆవిరి నిద్రపోతున్న ఊరిని కమ్మేసింది. ఊపిరాడక పరుగెత్తినవారు దారిలోనే కుప్పకూలారు. 12 మంది ప్రాణాలు పోయాయి. ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి సైరన్‌ మోగించే వీలున్నా మోగించలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీయే తేల్చింది.

పరిహారం ప్రకటించడంలో ప్రభుత్వం జాప్యం చేయలేదు. మృతుల కుటుంబాలకు కోటి, వెంటిలేటర్‌పై ఉన్నవారికి 10 లక్షలు, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నవారికి లక్ష, ప్రాథమిక చికిత్స పొందినవారికి 25 వేలు, ఊరివారికి తలా 10 వేలు. ఊరందరికీ ఇచ్చిన ఆ పదివేలు పక్కనపెడితే, బాధను కొలిచింది ఆసుపత్రి మంచంతోనే. మంచం దిగాక మొదలయ్యే బాధ ఏ పద్దులోకి వస్తుంది?

అలాంటి రాత్రిని దాటినవారికి, పక్కింట్లో తలుపులకు రంగు వేస్తున్న వాసన సోకినా గుండె దడదడలాడుతుంది. అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి, పిల్లల ముక్కు దగ్గర వేలుపెట్టి ఊపిరి చూసుకునే తల్లికి తానెందుకలా చేస్తున్నదో తెలియదు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కడతారు, లేదా ధైర్యంగా ఉండమంటారు. ఆమెకు ధైర్యం లేక కాదు. ఒకసారి చావును చూసిన మెదడు కాపలా మానడం లేదు. ఊపిరి నెమ్మదిగా వదలడం, నేలను, గోడను తాకి ‘ఇప్పుడు ఇక్కడే క్షేమంగా ఉన్నాను’ అని నిలదొక్కుకోవడం, నమ్మకమున్న మనిషికి చెప్పగలిగినంతే చెప్పుకోవడం ఉపశమనమిస్తాయి. చాలామంది కొన్ని వారాల్లో తేరుకుంటారు. నెల దాటినా వదలని భయానికి వైద్యం కావాలి, ఆ వైద్యం ఉంది కూడా.

భోపాల్‌ విషవాయు విషాదం తర్వాత మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌ వైద్యులు అక్కడి మామూలు డాక్టర్లకే మానసిక చికిత్సలో శిక్షణ ఇచ్చారు. విపత్తుల్లో మానసిక సేవలపై 2009లోనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ వైద్యాన్ని హక్కు చేసింది. ఇన్ని ఉండీ లెక్క మంచం దగ్గరే ఆగిపోవడాన్ని పొరపాటుగా సరిపెట్టుకోలేం. ఇదే ఆనవాయితీ అయితే రేపు ఏ యాజమాన్యమైనా శవాలనూ మంచాలనూ లెక్కగట్టి చేతులు దులుపుకుంటుంది.

మానసిక సాయం కోసం ప్రభుత్వ ఉచిత ఫోన్‌ సేవ టెలి మానస్‌ 14416 ఇప్పుడుంది. కానీ తనది జబ్బని తెలియని మనిషి ఫోను చేయదు. ప్రమాదం జరిగిన ప్రతి ఊళ్లో కనీసం ఏడాదిపాటు, యాజమాన్యం ఖర్చుతోనే, ఆశా కార్యకర్త గడపగడపకూ వెళ్లి అడగాలి: ‘రాత్రిళ్లు నిద్ర పడుతోందా అమ్మా?’