చింతగింజల లెక్క

నాలుగేళ్ల పాప ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా అప్పజెప్పేస్తే ఇంటిల్లిపాదీ మురిసిపోతాం. అదే పాప ముందు ఏడు చింతగింజలు పోసి ‘ఎన్ని ఉన్నాయమ్మా?’ అని అడిగి చూడండి. వేలు మూడో గింజ దగ్గరే ఉంటుంది, నోరు పదకొండు దాటిపోతుంది. అంకెల పేర్లు వచ్చాయి, లెక్క ఇంకా రాలేదు. గింజకొక అంకె చొప్పున చెప్పాలనీ, చివర పలికిన అంకే మొత్తమనీ ఆ చేతికి తెలియాలి.

వామనగుంటల ఆట సరిగ్గా అదే నేర్పుతుంది. వరుసకు ఏడు చొప్పున 14 గుంటలు. చేతిలోని గింజలను గుంటకొకటి వేస్తూ పోవాలి. ఒకటి ఎక్కువ వేస్తే ఎదుటివాళ్లు ఊరుకోరు! నాలుగు గింజలున్న గుంటను చూపుతోనే పోల్చుకోవడం కొన్నాళ్లకు అలవడుతుంది.

మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలుపెట్టింది. మంచిదే. అయినా ఈ పని బడికన్నా ముందు ఇంట్లో మొదలవ్వాలి.

అష్టాచెమ్మా, వైకుంఠపాళి, అచ్చనగాయలు ఆడించే తీరు ఈ సంచికలో వివరంగా ఇచ్చాం. మరీ పసివాళ్లకు మాత్రం గింజలు ఇవ్వకండి, నోట్లో పెట్టుకుంటారు. మిగతా పిల్లలతో ఈ సాయంత్రమే కూర్చోండి. లెక్క తప్పితే వెంటనే దిద్దకండి, ఇంకోసారి లెక్కపెట్టమనండి.

– సంపాదకుడు