రెజ్యూమెలో కులం గడి ఉండదు, ఇంటర్వ్యూలో ఉంటుంది

సాఫ్ట్‌వేర్ రంగంలో కులం లేదని మనకు పదే పదే చెబుతుంటారు. పరీక్ష పెట్టేది, మార్కులు వేసేది కంప్యూటరే అయినప్పుడు వివక్షకు చోటెక్కడని అడుగుతారు. కానీ ఆన్‌లైన్ కోడింగ్ పరీక్ష మొదటి మెట్టు మాత్రమే. తర్వాత మేనేజర్ రౌండ్, హెచ్ఆర్ రౌండ్ ఉంటాయి. 'సొంతూరు ఏది? నాన్నగారు ఏం చేస్తారు? ఎంసెట్ ర్యాంకు ఎంత?' ఈ మూడింటికీ జవాబు చెప్పాక కులం అడగాల్సిన పనే లేదు. మన ఇంటిపేరు అప్పటికే సగం చెప్పేసి ఉంటుంది.

ఇది మన అనుమానం కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే స్థాయి అర్హతలతో, వేర్వేరు పేర్లతో దరఖాస్తులు పంపి చూశారు. 2007లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, అగ్రకుల పేర్లతో పోలిస్తే దళిత పేర్లకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. అదే ఏడాది వచ్చిన సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ అధ్యయనంలో, ప్రతిభే కొలమానమన్న హెచ్ఆర్ మేనేజర్లే కుటుంబ నేపథ్యం కూడా అడుగుతామని చెప్పారు.

ఇక రెఫరల్. లోపల ఉన్నవారు తమకు తెలిసినవారి పేరు ఇస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ చదివి, అమీర్‌పేటలో కోర్సు నేర్చుకున్న కూలీల బిడ్డకు హైటెక్ సిటీలో మేనమామ ఉండడు.

ఉద్యోగం వచ్చాకా కులం వదలదు. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కోపై కేసు వేసింది. దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్‌తో చేరాడన్న సంగతిని పై అధికారి సహోద్యోగులకు చెప్పాడని, ఫిర్యాదు చేస్తే కులవివక్ష చట్టవిరుద్ధం కాదని కంపెనీ సిబ్బంది జవాబిచ్చారని అందులోని ఆరోపణ. సిస్కో దాన్ని ఖండించింది. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు ఇంజనీర్లపై కేసును ఉపసంహరించుకున్న ఆ విభాగం, కంపెనీపై కేసును మాత్రం వదల్లేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ అలాంటి బిల్లునే వీటో చేశారు.

మరి ఇక్కడ? రాజ్యాంగంలోని 16(4) అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలకే పరిమితం. ప్రైవేటు రిజర్వేషన్ల డిమాండు వచ్చినప్పుడు, 2006లో పరిశ్రమ సంఘాలు స్వచ్ఛంద నియమావళితో సరిపెట్టాయి. కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. చిరునవ్వుతో 'మళ్లీ చెబుతాం' అని పంపేస్తే ఏ సెక్షన్ కింద అడగాలి?

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. కంపెనీల వివక్ష నిరోధక నిబంధనల్లో కులం అన్న మాట పేరుపెట్టి రాయాలి. ఆపిల్ తన ఉద్యోగుల నియమావళిలో ఆ పని చేసింది కనుక ఇది అసాధ్యమేమీ కాదు. ఏ సామాజిక వర్గం నుంచి ఎందరిని పిలిచారో, ఎందరిని తీసుకున్నారో ఏటా ప్రకటించాలి. పనికి సంబంధం లేని ప్రశ్నలు ఇంటర్వ్యూలో ఆగాలి. ప్రభుత్వ భూమి, రాయితీలు తీసుకునే కంపెనీలను ఇవి అడగడం మన హక్కు.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఇంటర్వ్యూలో అడిగిన ప్రతి ప్రశ్ననూ ఆ రోజే తేదీతో రాసి పెట్టుకోండి. తోటివారితో పోల్చి చూడండి. ఒక్కరి దగ్గరుంటే అది బాధగానే మిగిలిపోతుంది, వంద మంది దగ్గరుంటే సాక్ష్యమవుతుంది.