స్వలీనులా, విషయలీనులా?

ఆటిజం అన్న మాటకు తెలుగు చేయబూనినవారు కొందరు "స్వలీనత" అని వ్రాస్తున్నారు. హిందీలో ఈ మాట ఎప్పుడో స్థిరపడింది. మాటల పుట్టుపూర్వోత్తరాల మీద మోజున్నవాణ్ణి కనుక ఈ సమాసాన్ని మొదటిసారి చూసినప్పుడు దాని పొందికకు ముచ్చటపడ్డాను. గ్రీకులో "ఆటోస్" అంటే తాను. బాహ్యప్రపంచాన్ని వదిలి తమలోకి ముడుచుకుపోయే స్కిజోఫ్రీనియా రోగుల స్థితిని చెప్పడానికి స్విట్జర్లండు వైద్యుడు బ్లాయిలర్ 1911 ప్రాంతంలో ఈ మాట కట్టాడు. 1943లో అమెరికాలో లియో కానర్ దానినే తీసుకుని 11 మంది పిల్లల గురించిన తన ప్రసిద్ధ వ్యాసంలో వాడాడు. అనువాదంగా "స్వలీనత"కు వంక పెట్టడానికి లేదు. వంక మూలంలోనే ఉంది. తనలో తాను లీనమైనవాడు అన్న ఆ వర్ణన నా విషయంలో శుద్ధ అబద్ధం.

నా విషయంలో అనడానికి కారణం ఉంది. నలభై రెండవ ఏట ఒక వైద్యురాలు ఈ మాటను నాకు అన్వయించి చెప్పింది. అంతకుముందు నాకున్న బిరుదులు వేరు: ఒంటిపిల్లి రాకాసి, పొగరుబోతు, పెళ్ళిళ్ళలో మూల వెదుక్కునేవాడు.

నేను దేనిలో లీనమవుతానో చెబుతాను. మాది ఆదోని. గుంతకల్లు నుంచి రాయచూరు దాకా సాగే రైలు మార్గంలో లీనమవుతాను. నంచర్ల, ఆస్పరి, ఆదోని, కుప్పగల్లు, కోసిగి, మంత్రాలయం రోడ్డు, ఆపైన తుంగభద్ర వంతెన, ఆవలి ఒడ్డున రాయచూరు సీమ. ఈ పేర్లను వరుసగా తలచుకుంటే, సహస్రనామం చదివేవారికి కలిగే నెమ్మది వంటిదేదో నాకు కలుగుతుంది. మద్రాసు వైపు నుంచి వేసుకుంటూ వచ్చిన పట్టాలూ, బొంబాయి వైపు నుంచి వచ్చినవీ 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. అప్పటికి ఆదోని కర్నూలు జిల్లాది కాదు, బళ్ళారిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరుతో పాటు ఇటు వచ్చింది. (చూశారా, అడగకుండానే చెప్పుకుపోతున్నాను!) ఇవి చెబుతున్నంతసేపూ "స్వ" అనేది నాకు జ్ఞాపకమే ఉండదు. ఆకలి కూడా ఉండదు.

డైనా ముర్రే, మైక్ లెసర్, వెన్ లాసన్ అనే ముగ్గురు 2005లో దీనికొక వివరణ ఇచ్చారు. మనిషికి ఉన్న ధ్యాస పరిమితం. ఎక్కువమందిలో అది పలుచగా పదిచోట్లకు పారుతుంది, కొందరిలో ఒకటి రెండు చోట్లకే లోతుగా పారుతుంది. మా సీమ రైతు భాషలో చెప్పాలంటే, నీళ్ళు అవే, మడులకు పంచే తీరు వేరు. మాకు మడవ తిప్పడం కష్టం. ఒక మడికి పారుతున్న నీటిని ఉన్నట్టుండి పక్క మడికి మళ్ళించమంటే గట్టు తెగుతుంది. ఇంట్లోవాళ్ళు దాన్నే కోపం అంటారు.

అందుచేత నన్ను "విషయలీనుడు" అంటే ఒప్పుకుంటాను. సంస్కృతం తెలిసిన మిత్రులు ఇక్కడ నవ్వుతారని తెలుసు. "విషయలోలుడు"కు మరీ దగ్గరి చుట్టంలా ఉంది. ఇంతకన్నా మంచి మాట కట్టేవారుంటే సంతోషం. "స్వ" మాత్రం వద్దు.

మాట కోసం ఇంత పట్టుదల ఎందుకంటారేమో. పేరును బట్టే వైద్యం నడుస్తుంది కనుక. తనలో మునిగిపోయినవాడు అనుకుంటే, ఆ మునక నుంచి పైకి లాగాలనిపిస్తుంది. వాడు పట్టుకున్న వస్తువు వాడికీ లోకానికీ మధ్య గోడలా కనిపిస్తుంది. దాన్ని కూల్చబోతారు. నా చిన్నప్పుడు వ్యాగన్ల మీది అంకెలు వ్రాసుకున్న నోటుపుస్తకాలు ఏడు ఉండేవి. "ఆ పిచ్చి మాన్పించండి, నలుగురిలో కలుస్తాడు" అని ఒక పెద్దమనిషి చెబితే, ఒక ఆదివారం అవి నీళ్ళపొయ్యిలోకి వెళ్ళాయి. మా నాయనను తప్పుపట్టను. ఆయన నా మేలు కోరే చేశాడు. కానీ నేను నలుగురిలో కలవలేదు. అంతకుముందు కనీసం ఒక సంగతి మీదైనా నోరు విప్పేవాణ్ణి. ఆ తరువాత అదీ పోయింది.

కానర్ వ్యాసంలోని మొదటి బాలుడి కథ నేను చాలా ఆలస్యంగా చదివాను. పేరు డానల్డ్ ట్రిప్లెట్, ఊరు మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్. 1942లో తల్లిదండ్రులు అతణ్ణి ఇంటికి పది మైళ్ళ దూరంలో ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. 1945లో కానర్ అక్కడికి చూడబోయాడు. పిల్లవాడికి అన్నీ కొలిచే పిచ్చి ఉండేది. ఆ దంపతులు వాడి చేత బావి తవ్వించి, లోతెంతో కొలిచి చెప్పమన్నారు. మొక్కజొన్న సాళ్ళను పదేపదే లెక్కపెడుతుంటే, మడక దున్నుతూ లెక్కపెట్టుకోమన్నారు. వాడు దున్నాడు. గుర్రాన్ని తోలడం నేర్చుకున్నాడు. ఆ రైతులకు మనస్తత్వశాస్త్రం తెలియదు. కానర్ మాత్రం వారి తెలివికి ఆశ్చర్యపోయాడు, 1971లో ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో వ్రాసిన వ్యాసంలో ఈ సంగతిని విపులంగా చెప్పాడు. డానల్డ్ 1958లో కళాశాల చదువు పూర్తిచేశాడు, సొంత ఊరి బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫు ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు, 2023లో 89వ ఏట పోయాడు. కలిమి ఉన్న ఇల్లు, ఆ బ్యాంకు కూడా తల్లి తరఫు వారిదే. ఆ సంగతి దాచకూడదు. కానీ అదే వ్యాసంలో ప్రభుత్వ ఆశ్రమాలలో పడవేయబడి, ఉన్న తెలివి కూడా ఆరిపోయిన పిల్లల కథలూ ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు నాకు ఆ జొన్న సాళ్ళే గుర్తుండిపోయాయి.

ఆ తెలివి మన ఊళ్ళకు కొత్తది కాదని నా వాదన. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కుప్ప ముందు ఇద్దరు నిలబడతారు. ఒకరు గుప్పెడు పత్తి తీసి వేళ్ళ నడుమ సాగదీసి పింజ పొడవు చూస్తారు, రెండవవారు అదే పని చేస్తారు. ఒకరి ముఖం ఒకరు చూడరు. మధ్యలో పత్తి ఉంది, చూపులు దాని మీద ఉన్నాయి, మాట దాని గురించే సాగుతుంది. కళ్ళలోకి చూసి మాట్లాడమని అక్కడ ఎవరూ పాఠం చెప్పరు. ఎమ్మిగనూరులో గుంటమగ్గం దగ్గరా అంతే. 1938లో మాచాని సోమప్ప గారి చొరవతో నేతగాళ్ళ సహకార సంఘం ఏర్పడిన ఊరు అది, దుప్పట్లకు పేరుపడ్డది. పడుగు అతికేవారు, కండెలు చుట్టేవారు, నేసేవారు ఒకే కప్పు కింద గంటల తరబడి ఉంటారు. కుశలప్రశ్నల అవసరం పడదు. పక్కపక్కన ఉండటమే అక్కడి పలకరింపు.

నా ఏకైక స్నేహితుడు ఎమ్మిగనూరు నేతగాడు. ఆ ఊరికి రైలు లేదు, ఎక్కాలంటే ఆదోనికో మంత్రాలయం రోడ్డుకో రావాలి. చిన్నప్పుడు వాళ్ళ నాయన దుప్పట్ల మూటలు పార్సెలు చేయడానికి ఆదోని స్టేషనుకు తెచ్చేవాడట. అప్పుడు పట్టుకున్న పిచ్చి. పదిహేనేళ్ళ కిందట ప్లాట్‌ఫారం మీద గూడ్సుబండి పోతుంటే నేను పైకే లెక్కపెడుతున్నాను. పక్క బెంచీ నుంచి ఒక గొంతు, "యాభై ఏడు కాదు సామీ, యాభై ఎనిమిది. నడిమధ్య ఒకటి వదిలేసినారు" అంది. ఆయన లెక్కే సరైనది. అప్పటి నుంచి నెలకొక ఆదివారం ఆయన బస్సులో వస్తాడు. మొదటి నాలుగేళ్ళలో నాకు పెళ్ళయిందా లేదా అని అడగలేదు. నేనూ అన్న పిల్లల పేర్లు అడగలేదు. గుత్తి షెడ్డు డీజిలు ఇంజన్ల గురించి మాత్రం మాకు తెలియనిది ఒకరి దగ్గర ఒకరం దాచుకోలేదు.

ఇది స్నేహమేనా అని మా చెల్లెలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పండితుడు 2012లో ఒక సంగతి చెప్పాడు. మా మనసు మీకు అర్థం కాకపోవడమూ, మీ మనసు మాకు అర్థం కాకపోవడమూ సరిసమానమైన రెండు వైపుల లోపమే గాని ఒకవైపుది కాదని. 2020లో క్యాథరిన్ క్రాంప్టన్ బృందం 72 మందితో ఒక పరీక్ష చేసింది. ఒక కథను ఒకరి తరువాత ఒకరు చెప్పుకుంటూ పోవాలి. ఆటిస్టిక్ వారి వరుసలో కథ మిగతావారి వరుసలో నిలిచినంతగానే నిలిచింది, ఇద్దరినీ కలిపిన వరుసలలోనే ఎక్కువ జారిపోయింది. ఇంకా ఎక్కువమందితో చేసి 2025లో ప్రకటించిన పరీక్షలో కలిపిన వరుసల్లో కూడా తేడా కనబడలేదు. కనుక కలిపితే ఏమవుతుందన్నది ఇంకా తేలని లెక్క. మాకు మాట చేరవేయడమే రాదన్న నింద మాత్రం రెండుసార్లూ నిలవలేదు.

పరీక్షల మాట అటుంచి, మా చెల్లెలికి నేను చెప్పిన జవాబు వేరు. మూడేళ్ళ కిందట వదిన పోయింది. అన్న ఆ నెల ఆదివారం మామూలుగానే వచ్చాడు. కూర్చుని, కోసిగి దగ్గర బండి ఆగిపోయిన సంగతి చెప్పి, "మీ వదిన శుక్రవారం పాయ" అన్నాడు. ఓదార్చే మాటలు నాకు రావు. ఎప్పుడూ రాలేదు. పరామర్శ ఇళ్ళలో నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. సంచిలో పాత టైంటేబుల్ ఒకటి ఉంది, ఆయన ఎన్నాళ్ళ నుంచో వెదుకుతున్నది. తీసి ఇచ్చాను. ఇద్దరం మొదటి పేజీ నుంచి చదివాం. నాలుగు గంటలు. మధ్యలో ఒకచోట ఆయన వేలు ఒక పేరు మీద ఆగింది, వాళ్ళ పెళ్ళికి అక్కడ దిగారట. కాసేపు ఆ పేజీ తిప్పలేదు. ఇంట్లో పన్నెండు రోజులూ వచ్చినవాళ్ళందరూ తనను ఏడిపించి పోయారనీ, ఇక్కడే కాస్త ఊపిరాడిందనీ వెళ్ళేటప్పుడు అన్నాడు. అది స్నేహం కాకపోతే దానికీ ఇంకొక మాట కట్టుకోవాలి.

ఇక మన చట్టాలు ఈ సంగతిని ఎలా చూశాయో క్లుప్తంగా. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేనే లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టం దాన్ని గుర్తించింది, కానీ పద్దెనిమిదేళ్ళు నిండినవాడికి కలెక్టరు అధ్యక్షతన ఉన్న సంఘం సంరక్షకుణ్ణి నియమించే ఏర్పాటు అందులో ప్రధానం. 2011 జనగణనలో మాకంటూ ప్రత్యేక గడి లేదు. 2016 చట్టం 21 వైకల్యాలలో ఒకటిగా చేర్చి, ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం కేటాయించి, అందులో 1 శాతాన్ని మాతో పాటు మేధోవైకల్యం, మానసిక అస్వస్థత వంటివి ఉన్నవారందరికీ కలిపి ఇచ్చింది. మంచిదే. సంరక్షకుడు, ధ్రువపత్రం, కోటా... అన్నీ కావలసినవే. పెద్దవాడైన ఆటిస్టిక్ మనిషి ఆదివారం మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చోవాలన్న ప్రశ్న ఏ చట్టానికీ తట్టలేదు. ఏప్రిల్ 2న జరిగే సభల్లో మాట్లాడేదీ పిల్లల గురించే. ఆ పిల్లలు ముప్పై ఏళ్ళకు ఏమవుతారో!

ఇదంతా మాట వచ్చినవాడి మాట అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అన్న తమ్ముడి కొడుకుకు ముప్పై ఏళ్ళు, మాట లేదు. చిన్నప్పటి నుంచి మగ్గం పక్కనే కూర్చుని కండెలు రంగుల వరుసలో పేర్చేవాడు. వరుస తప్పితే ఒప్పుకునేవాడు కాదు. ఎవరూ వాడి చేతిలోంచి కండె లాక్కోలేదు. పైగా ఆ వరుసలోంచే తీసుకుని నేసేవారు, నేతకు అది అనువుగా ఉండేది కూడా. ఏ పుస్తకం చదివి చేశారు? ఫారెస్ట్ రైతు చదివిన పుస్తకమే. అందుకే, పాత పనులు పోతే పోనీ అనేవారితో నాకు పేచీ. ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు ఏటేటా తగ్గుతోంది. దానితో పోయేది కూలి ఒక్కటే కాదు, ఇటువంటివారు అడగకుండా దొరికిన చోటు కూడా. దాని బదులు మనం ఏం పెడుతున్నాం? గంటకు ఇంత అని తీసుకుని, కళ్ళలోకి చూడటం నేర్పే గది.

పోయిన ఏడు అన్న మగ్గం తీసేశాడు. కుర్రవాడు ఆ గుంట పక్కనే రోజంతా కూర్చుంటున్నాడని, ఇప్పుడు ఆదివారాలు వాణ్ణి కూడా బస్సులో తెస్తున్నాడు. వాడికి రైళ్ళ పేర్లతో పనిలేదు. చక్రాలు చూస్తాడు. గూడ్సుబండి వచ్చినప్పుడు ముందుకు వంగి, మోకాలి మీద వేలితో ఏదో పేరుస్తుంటాడు. మొన్న నేను యాభై ఎనిమిది అన్నాను, అన్న యాభై తొమ్మిది అన్నాడు. వాడి వేలు ఎన్నిసార్లు కదిలిందో చూడాలని మా ఇద్దరికీ ఒకేసారి తోచింది. అప్పటికే గార్డు పెట్టె దాటిపోయింది. ఈసారి చూస్తాం.